చెబితే బడి మాన్పిస్తారు

మా చెల్లెలి కూతురికి ఈమధ్య డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగే పడమటి కర్నూలు పల్లెల్లో, ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. చేరిన నెలకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, శిక్షణలో మాకొక కాగితం ఇచ్చారు. ఎలాంటి పిల్లలు హింసకు గురయ్యే ప్రమాదం ఎక్కువో అందులో వరసగా రాశారు. పేదరికం, తాగుడు ఉన్న ఇల్లు, దగ్గర లేని తల్లిదండ్రులు, చదువులో వెనుకబాటు, చెడు సావాసం. ఇలా చూస్తే నా తొమ్మిదో తరగతిలో నలభై ముగ్గురూ అందులో ఉన్నారు. నేను ఎవరి మీద కన్నేసి ఉంచాలి?"

ఇరవై ఆరేళ్లు ఆ చుట్టుపక్కల బడుల్లోనే జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందని దాని నమ్మకం. ఏదో చెప్పి పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కాగితంలో ఉన్నవన్నీ నిజాలే. లేనిది ఒకటుంది. దాన్ని నేను ఒక అమ్మాయి చదువు పోగొట్టి నేర్చుకున్నాను.

ఆ ప్రాంతం ఎరగని వాళ్లకు ముందు సుగ్గి గురించి చెప్పాలి. ఆదోని, కోసిగి, మంత్రాలయం, కౌతాళం వైపు ఒక వాన తప్పితే ఊళ్లో పని ఉండదు. దసరా, దీపావళి దాటేసరికి కుటుంబాలు మూటలు కట్టుకుని పత్తి తీతకు వెళతాయి. సంక్రాంతి తర్వాత గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. కొందరు తెలంగాణకు, ఇంకొందరు బెంగళూరులో ఇళ్లు కట్టే పనులకు. దీన్నే సుగ్గికి పోవడం అంటారు. మళ్లీ ఉగాదికే రాక. చంటిపిల్లల్ని వెంట తీసుకెళతారు. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని మాత్రం చదువు చెడుతుందని అవ్వ దగ్గర వదిలిపెడతారు. అవ్వకు చూపు ఆనదు. ఏడు గంటలకల్లా పడుకుంటుంది. నిజానికి ఆ ఇంటికి పెద్ద ఆ పద్నాలుగేళ్ల పిల్లే. అవ్వకు మందులు ఇచ్చేదీ, నీళ్లు పట్టేదీ, తలుపు గడియ పెట్టేదీ ఆమే. వలస వెళ్లిన వాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. ఆలోచన మంచిదే. నేను పనిచేసిన చోట్ల అవి సగం సుగ్గి గడిచాక తెరుచుకునేవి.

ఇంకొకటి. నవంబరుకు కంది చేలు మనిషెత్తు పెరిగి ఉంటాయి. రోడ్డు మీద బస్సు దిగి ఊళ్లోకి మూడు కిలోమీటర్లు నడిచే దారికి రెండు పక్కలా కందే. ఎదురుగా ఎవరు వస్తున్నారో, చేలో ఎవరు నిలబడ్డారో తెలియదు. జూలైలో భయం లేని దారి నవంబరులో భయపెడుతుంది. ఏ శిక్షణ కాగితంలోనూ కంది చేను ఎత్తు ఉండదు.

2014లో మా బడిలో తొమ్మిది, పది తరగతులకు సాయంత్రం అదనపు క్లాసులు పెట్టాం. నాలుగున్నర బస్సు వదులుకుంటే మళ్లీ ఆరున్నరకే. ఒక రోజు ప్రయోగశాలలో నమూనా సీసాలు తుడుస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి నిలబడింది. "మేడం, నేను నాలుగున్నర బస్సుకు వెళ్లిపోవచ్చా?" అంది. అప్పుడే ఎగ్గొట్టడం మొదలుపెట్టావా అని కసిరాను. వెళ్లిపోయింది. రెండు రోజులకు మళ్లీ వచ్చి అదే అడిగింది. అడిగిన తీరు చూసి సీసా పక్కన పెట్టాను.

పక్క ఊరి మనిషి. ముప్పై దాటినవాడు, పెళ్లయినవాడు, దూరపు చుట్టం, వరసకు మామ. బస్సు దిగిన దగ్గర మోటార్ సైకిల్ ఆపుకుని ఉంటాడు. మొదట దింపుతానన్నాడు. తర్వాత పక్కనే నెమ్మదిగా నడుపుతూ రావడం. ఇరవై రోజుల తర్వాత ఒకనాడు చెయ్యి పట్టుకున్నాడు. ఇదంతా నేల చూస్తూ చెప్పి, చివర మాత్రం తలెత్తి, "ఎవరికీ చెప్పకండి మేడం. చెబితే బడి మాన్పిస్తారు" అంది.

నేను ధైర్యం చెప్పాను. తప్పు చేసింది వాడు, నీకెందుకు భయం అన్నాను. పుస్తకాల్లో ఉండే మాటలన్నీ చెప్పాను. ఆ రాత్రే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను.

మూడో రోజు పొద్దున ఆయన పత్తి చేలోంచి నేరుగా బడికి వచ్చాడు. చొక్కా అంచుకు ఇంకా దూది అంటుకుని ఉంది. వాడి పేరేమిటని అడగలేదు. ఏ ఊరని అడగలేదు. ప్రధానోపాధ్యాయుడి గదిలో నిలబడి టీసీ ఇప్పించమన్నాడు. నేను వాదించాను, బతిమాలాను, అమ్మాయి మార్కులు చూపించాను. ఆయనకు కోపం రాలేదు. చేతులు జోడించి, "మేడం, మీరు మేలు చేశారు. చేయి దాటకముందే చెప్పారు" అన్నాడు. నిజంగా కృతజ్ఞతతోనే అన్నాడు.

మాఘమాసంలో ఆ పిల్లకు పెళ్లి చేశారు. పదిహేనేళ్లు. దారిలో కాపు కాసిన వరస మామ పెళ్లికి వచ్చి భోజనం చేసి, చదివింపులు కూడా రాయించాడని తర్వాత తెలిసింది.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు నుంచి అమల్లో ఉంది. చెడు ఉద్దేశంతో పదేపదే బాలిక వెంటపడటం కూడా అందులో నేరమే, మూడేళ్ల వరకు జైలు ఉంది. అంటే వాడు చెయ్యి పట్టుకునే దాకా కూడా ఆగనక్కరలేదు. ఇలాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని, చెప్పకపోతే ఆరు నెలల వరకు శిక్ష పడవచ్చని అదే చట్టంలో ఉంది. చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు. టీచర్ని, నేను చదవలేదు. నేను ఫోన్ చేయవలసిన మనిషి వాళ్ల నాన్న కాదు. కనీసం మొదట ఆయన కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందని తేలింది. దేశమంతటికీ కలిపి 23.3 శాతం. ఆ అంకె పేపర్లో చూసినప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. 2014లో పదిహేను, సర్వే నాటికి ఇరవై దాటి ఉంటుంది. సరిగ్గా ఆ వయసు గుంపే. బాల్య వివాహాల గురించి మాట్లాడేటప్పుడు పేదరికం, కట్నం, మూఢత్వం అంటూ కారణాలు చెబుతాం. భయం అనే కారణాన్ని కిందకు తోసేస్తాం. ఆడపిల్ల మీద ఎవరి కన్నో పడిందన్న భయం. ఆ కన్ను పడినవాడికి ఏమీ కాదు, పిల్లకు పెళ్లవుతుంది. తర్వాత అత్తగారింట్లో దెబ్బలు తింటే అది కొత్త కథలా వింటాం. రెండూ ఒకే కథ.

పిల్లలకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. తప్పు చేసినవాడు ఎంత చెల్లిస్తాడు, చెప్పినవాళ్లు ఎంత చెల్లించాలి. ఆ అమ్మాయి నాకు లెక్క ముందే చెప్పింది. నేనే వినలేదు. వెంటపడేవాడికీ తెలుసు. ఊళ్లో ఎవరు డబ్బున్నవాళ్లు, ఎవరు లేనివాళ్లు అన్నది వాడికంత ముఖ్యం కాదు. ఈ పిల్ల చెప్పుకోవడానికి ఎవరున్నారు, చెబితే ఎవరికి నష్టం అని చూస్తాడు. అవ్వ ఒక్కతే ఉన్న ఇల్లు కాబట్టే ఆ ఇల్లు ఎంచుకున్నాడు. పైగా చుట్టమైతే ఆ ఇంటి సంగతులన్నీ తెలుస్తాయి. జాతీయ నేర గణాంకాల్లో పిల్లలపై అత్యాచారం కేసులు చూడండి. ఏటా నూటికి 90కి పైగా కేసుల్లో నిందితుడు ఆ పిల్లకు తెలిసినవాడే. మనం మాత్రం పిల్లలకు ఇప్పటికీ ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చే చాక్లెట్ల గురించే పాఠం చెబుతున్నాం.

2020లో బడులు మూసి ఫోన్లో పాఠాలు అన్నాక ప్రతి ఇంటికీ, అప్పు చేసైనా, ఒక ఫోను వచ్చింది. తర్వాత రెండేళ్లలో నా దగ్గరికి ముగ్గురు అమ్మాయిలు ఒకే రకం కష్టంతో వచ్చారు. ఎవడో పరిచయమవుతాడు, తీయగా మాట్లాడతాడు, ఒక ఫోటో అడుగుతాడు. మామూలు ఫోటోనే. దాన్ని మార్చి పంపి బెదిరింపు మొదలుపెడతాడు. ముగ్గురి ఫోన్లలోనూ బెదిరింపు ఒకటే: "మీ నాన్నకు పంపిస్తా." లోకానికి చూపిస్తానని ఎవడూ అనలేదు. వాడి చేతిలో ఉన్న ఆయుధం ఆ ఫోటో కాదు, వాళ్ల నాన్న కోపం. "నువ్వు ఏ తప్పు చేసినా ముందు నాకు చెప్పు, తర్వాత చూసుకుందాం" అని ఒక్కసారి అన్న తండ్రి ఉంటే ఆ బెదిరింపు రెండు నిమిషాల్లో తేలిపోయేది. ముగ్గురిలో ఒక అమ్మాయికి అలాంటి తండ్రి ఉన్నాడు. ఆయన లారీ డ్రైవరు. కూతుర్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లాడు. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

మగపిల్లల సంగతికి వద్దాం. మగవాడికేమిటి ప్రమాదం అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. 2007లో కేంద్ర ప్రభుత్వ మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక అధ్యయనం ప్రచురించింది. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పారు. ఆ చెప్పినవాళ్లలో మగపిల్లలే 52.94 శాతం. ఈ అంకె మా స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపిస్తే ఒక సారు అచ్చు తప్పు అన్నాడు. ఎక్కువ మంది పిల్లలు జరిగినదాన్ని ఎవరికీ చెప్పుకోలేదని కూడా ఆ అధ్యయనంలోనే ఉంది.

మా బడిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఎనిమిదిలో చేరినప్పుడు చురుకైనవాడు, కప్ప బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే కప్పకు మీసాలు కూడా పెట్టేవాడు. తొమ్మిదిలో అమ్మానాన్నలు సుగ్గికి వెళ్లాక బొమ్మలు ఆగిపోయాయి. ఒకసారి మోచేయి కమిలి వచ్చాడు. బండి మీద నుంచి పడ్డానన్నాడు. మరోసారి పెదవి చిట్లింది. మళ్లీ బండే. మూడోసారి కుంటుతూ వచ్చి అదే మాట అంటే అప్పుడు వెలిగింది: వాళ్లింట్లో బండి లేదు.

నెల రోజులు పట్టింది విషయం బయటికి రావడానికి. ఊళ్లో చదువు మానేసిన పెద్ద కుర్రాళ్లు నలుగురు. ఆడుకోవడానికి ఫోను ఇచ్చారు, క్రికెట్ మీద పది, ఇరవై రూపాయల పందెం కట్టించారు, ఓడితే అప్పు అన్నారు. అప్పు తీరేదాకా వాళ్లకు మద్యం తెచ్చిపెట్టాలి. రానన్న రోజున కొట్టేవాళ్లు. ఇంకా ఏవో చేశారు, అది వాడు చెప్పలేదు, నేను తవ్వలేదు. ఎందుకు చెప్పలేదురా అంటే, "చెబితే మీరూ కొడతారు కదా మేడం, పందెం ఆడినందుకు" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను కొట్టేదాన్ని. ఉద్యోగంలో మొదటి పదేళ్లు చెక్క స్కేలు లేకుండా తరగతికి వెళ్లలేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, పదిహేడో సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మాటలతో హింసించడాన్ని నిషేధించింది. నేను స్కేలు పక్కన పెట్టింది చట్టానికి భయపడే, మనసు మారి కాదు. స్కేలు పోయాక కూడా నాలుక మిగిలింది. ఇందాక చెప్పిన అధ్యయనంలోనే బడికి వెళ్లే పిల్లల్లో 65 శాతం బడిలో దెబ్బలు తిన్నామన్నారు. ఇంట్లో నాన్న కొడతాడు, బడిలో సారు కొడతాడు, హాస్టల్లో పెద్ద తరగతివాళ్లు కొడతారు. దెబ్బ తినడం అంటే జలుబు చేయడంలాంటిదే అని అలవాటైన పిల్లవాడు, బయటివాడు కొట్టినప్పుడు మాత్రం ఇది చెప్పుకోవలసిన విషయమని ఎలా అనుకుంటాడు? ఎవరి మీద కన్నేసి ఉంచాలి అని మా పిల్ల అడిగింది కదా. మొదట తన చేతి మీద ఉంచుకోవాలి.

వైకల్యం ఉన్న పిల్లలు మామూలు పిల్లలకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా హింసకు గురవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. కారణం మళ్లీ అదే. వాళ్లలో కొందరు చెప్పలేరు, చెప్పినా మనం నమ్మం.

టీసీ తీసుకెళ్లిన అమ్మాయి తర్వాత నేను చేసిన పనులు పెద్దవేమీ కావు. సాయంత్రం క్లాసు తీసేసి ఉదయం ఎనిమిదింటికి పెట్టించాను. వంట పనులున్నాయని నాతోటి టీచర్లు ముగ్గురు నెల రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లలంతా నాలుగున్నర బస్సుకు ఒకేసారి వెళ్లి, ఒకేసారి దిగి, గుంపుగా నడిచేవారు. బాలికల భద్రత మీద మేం పెట్టిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ ఒక్క మార్పుతో సరితూగవు. పిల్లలు సాయం కోరే చైల్డ్‌లైన్ నంబరు 1098 నోటీసు బోర్డు మీద ఎప్పటినుంచో ఉంది. అందరూ చూస్తుండగా బోర్డు ముందు నిలబడి ఆ నంబరు రాసుకునే పిల్ల ఉంటుందా? మరుగుదొడ్డి తలుపు లోపలివైపు రాయించాను. మగపిల్లల వైపు కూడా.

హాజరు పట్టీ వెనక పేజీల్లో దసరా తర్వాత ఒక గడి గీసుకునేదాన్ని: ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు. దాని పక్కన ఇంకొకటి: ఎవరికి చెప్పుకుంటావు. ఈ రెండో ప్రశ్న అడిగితే చాలామంది నాన్న పేరు రాయరు. అత్త, వదిన, ఒక్కోసారి ఊరి అంగన్వాడీ టీచరు. ఒక అబ్బాయి మధ్యాహ్న భోజనం వండే ఆమె పేరు రాశాడు. ఖాళీగా వదిలేసిన గడులు తరగతికి ఐదో ఆరో ఉండేవి. నా లెక్క ప్రకారం కాగితంలోని జాబితా అంతా ఆ ఖాళీల్లో ఉంది.

ఎవరికీ చెప్పనని మాట ఇవ్వడం మానేశాను. "నువ్వు చెప్పేది పెద్ద విషయమైతే నేను పైకి చెప్పి తీరాలి, చట్టం అలా ఉంది. కానీ ఎవరికి ముందు చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అనేదాన్ని. కొందరు ఆ మాటతో లేచి వెళ్లిపోయారు. చాలామంది కూర్చున్నారు. పోలీసులంటే స్టేషను, ఖాకీ, ఊరంతా చూడటం అనుకుంటారు. పోక్సో కేసులో వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో తను కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, యూనిఫాం వేసుకోకూడదు, పిల్లల్ని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. ఇవన్నీ చట్టంలో ఉన్నాయని చెబితే భుజాలు కొంచెం దిగేవి. ఒకసారి అలాగే చీర కట్టుకుని వచ్చిన ఎస్సైని చూసి ఒక అవ్వ సంబంధం మాట్లాడటానికి వచ్చారనుకుని కాఫీ పెట్టబోయింది.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. ఇద్దరు పిల్లల విషయంలో ఇవన్నీ చేసినా బడి మాన్పించారు.

2017లో ఆ మొదటి అమ్మాయి బడికి వచ్చింది. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచేయించుకోవడానికి స్టడీ సర్టిఫికెట్ కావాలట. చంకలో పిల్లవాడు. ఆఫీసు గదిలో రిజిస్టరు తిరగేస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక నేను తేదీలు గట్టిగా చదువుతున్నాను. ఆమే అడిగింది.

"ఇప్పుడు కూడా సాయంత్రం క్లాసులున్నాయా మేడం?"

"లేవమ్మా. పొద్దునకు మార్చాం."

"మంచిది" అని సర్టిఫికెట్ మడిచి జాకెట్లో పెట్టుకుంది. నాలుగున్నర బస్సుకే వెళ్లింది.

ఇదంతా రాసి మా చెల్లెలి కూతురికి పంపాను. నిన్న ఫోన్ చేసింది. చదివానంది. తర్వాత కాసేపు తటపటాయించి, "మా తరగతిలో ఒకడు మూడు రోజులు రాలేదు పెద్దమ్మా. ఇవాళ వచ్చాడు. కన్ను వాచి ఉంది. బండి మీద నుంచి పడ్డాడట" అంది.

"వాళ్లింట్లో బండి ఉందా?"

అవతల కొంతసేపు మాట లేదు.

"రేపు వాళ్ల ఊరికి వెళతాను" అంది.